అమెరికాలో ఆరోగ్య బీమాతో జిమ్ రాయితీ: ఏ దారి ఎవరికి గిట్టుబాటు?

అమెరికాలో ఉద్యోగాలు చేసే తెలుగువారు నలుగురు చేరి జిమ్ ఖర్చు గురించి మాట్లాడుకుంటే, "మా ఇన్సూరెన్స్‌లో జిమ్ ఫ్రీ" అని ఒకరు, "నాకు ఏటా 150 డాలర్లు వెనక్కి వస్తాయి" అని మరొకరు, "నెలకు 28 డాలర్లు కడితే చాలు, చుట్టుపక్కల ఎన్నో జిమ్‌లకు వెళ్లొచ్చు" అని ఇంకొకరు అంటారు. ముగ్గురి మాటా నిజమే కావచ్చు. అయితే అవి మూడు వేర్వేరు సదుపాయాలు. మొదటిదానిలో జిమ్ సభ్యత్వం బీమాలోనే కలిసి ఉంటుంది. రెండోదానిలో ఫీజు మనం ముందుగా కట్టి, షరతులు నెరవేర్చాక రీయింబర్స్‌మెంట్ అడగాలి. మూడోదానిలో బీమా కంపెనీ తన జేబులోంచి ఒక్క డాలరు కూడా ఇవ్వదు. వేరే సంస్థ కుదిర్చిన టోకు ధరకు సభ్యత్వం కొనుక్కునే వీలు మాత్రం కల్పిస్తుంది. ఈ తేడా గమనించకుండా, రాయితీ అనే మాట చూసి చేరిపోయి, బయట కట్టేదానికన్నా ఎక్కువే కట్టేవారు ఉన్నారు.

కార్డు మీది పేరు చూసి నిర్ణయించుకోవద్దు

పెద్ద కంపెనీలలో అధికభాగం తమ ఉద్యోగుల వైద్య ఖర్చులను తామే భరిస్తాయి; కార్డు మీద పేరున్న బీమా సంస్థ క్లెయిములు పరిష్కరించే పని మాత్రమే చేస్తుంది. అటువంటిచోట జిమ్ సదుపాయం పెట్టాలా వద్దా, పెడితే ఎంతవరకు అన్నది యాజమాన్యమే తేలుస్తుంది. అందుకే ఒకే అపార్ట్‌మెంట్‌లో ఎదురెదురు ఇళ్లలో ఉండే ఇద్దరి దగ్గర ఒకే సంస్థ కార్డు ఉన్నా, ఒకరికి డబ్బు వెనక్కి వస్తుంది, మరొకరికి రాదు. స్నేహితుడి అనుభవం ఇక్కడ ఆధారంగా పనికిరాదు. కన్సల్టెన్సీల ద్వారా పనిచేసే హెచ్-1బి ఉద్యోగులకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఉద్యోగం మారినప్పుడల్లా బీమా పథకమూ మారుతుంది, దానితోపాటు జిమ్ సదుపాయమూ మారుతుంది. జిమ్‌తో చేసుకున్న ఒప్పందం మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోతుంది.

మీకు ఏముందో తెలుసుకోవడానికి బీమా సంస్థ మెంబర్ పోర్టల్‌లో రెండుచోట్ల వెతకాలి. రీయింబర్స్‌మెంట్ ఉంటే అది ప్రయోజనాల పత్రంలో, 'ఫిట్‌నెస్ రీయింబర్స్‌మెంట్' వంటి పేరుతో, డాలర్ల పరిమితితో సహా రాసి ఉంటుంది. టోకు ధరల కార్యక్రమం ఆ పత్రంలో కనిపించదు. 'డిస్కౌంట్స్', 'రివార్డ్స్', 'వెల్‌నెస్' అన్న విభాగాలలో ఉంటుంది. అది బీమా ప్రయోజనం కాదు కాబట్టి ఎప్పుడైనా మార్చవచ్చు, తీసేయవచ్చు. రెండుచోట్లా ఏమీ దొరకకపోతే కంపెనీ హెచ్‌ఆర్ విభాగానికి ఈమెయిల్ రాసి అడగడం మంచిది. కొన్ని కంపెనీలు బీమాతో సంబంధం లేకుండా, వేరే వెల్‌నెస్ నిధి నుంచి జిమ్ డబ్బు ఇస్తాయి. అలాంటిది ఉన్నా బీమా సంస్థ కాల్ సెంటర్‌లో పనిచేసేవారికి తెలిసే అవకాశం లేదు.

నెలకు 28 డాలర్లు నిజంగా చవకేనా?

టోకు ధరల కార్యక్రమాలలో బాగా కనిపించేది యాక్టివ్ అండ్ ఫిట్ డైరెక్ట్. దీని సాధారణ శ్రేణి జిమ్‌లకు ఇటీవలి ధర నెలకు 28 డాలర్లు, చేరేటప్పుడు మరో 28 డాలర్లు, పైన పన్ను. అంటే మొదటి సంవత్సరానికి పన్ను కాకుండా 364 డాలర్లు. ఇంకొన్ని బ్లూ క్రాస్ పథకాలలో ఫిట్‌నెస్ యువర్ వే అనే కార్యక్రమం ఉంటుంది. అందులో జిమ్ స్థాయిని బట్టి నెల ధరలు మెట్లుమెట్లుగా పెరుగుతాయి.

దీని పక్కన ప్లానెట్ ఫిట్‌నెస్ వంటి చవక జిమ్‌ను పెట్టి చూడండి. 2024 జూన్ చివరి నుంచి కొత్త సభ్యులకు దాని క్లాసిక్ సభ్యత్వం నెలకు 15 డాలర్లు, ఏడాదికొకసారి తీసుకునే వార్షిక రుసుము సాధారణంగా 49 డాలర్లు. మొత్తం 229 డాలర్లు. ట్రెడ్‌మిల్ మీద నడిచి, కాసేపు బరువులెత్తి ఇంటికి వచ్చేవారికి బీమా ద్వారా దొరికే 'రాయితీ' సభ్యత్వం ఏడాదికి 135 డాలర్లు ఎక్కువ పడుతుందన్నమాట. నెలకు 45 డాలర్లు వసూలు చేసే జిమ్‌కు వెళ్లేవారి లెక్క వేరు. వారికి ఏడాదికి 540 అవుతుంది కాబట్టి, అదే జిమ్ నెట్‌వర్క్‌లో సాధారణ శ్రేణిలో ఉంటే 176 డాలర్లు మిగులుతాయి. ఆ జిమ్ పేరు జాబితాలో ఉండటం ఒక్కటే సరిపోదు, ఏ శ్రేణిలో ఉందో చూడాలి. ఈతకొలను, గ్రూపు తరగతులు ఉన్న మంచి జిమ్‌లు ఎక్కువగా పై శ్రేణిలోనే ఉంటాయి, అక్కడ 28 డాలర్ల ధర వర్తించదు.

ఈ నెట్‌వర్క్‌ల అసలు బలం ధరలో కన్నా వెసులుబాటులో ఉందని నా అభిప్రాయం. దీర్ఘకాలిక ఒప్పందం ఉండదు, జిమ్ మార్చుకోవచ్చు. ప్రాజెక్టు మారి ఊరు మారేవారికి ఆ కొద్దిపాటి అదనపు ఖర్చు దండగ కాదు. ఒకే ఇంట్లో, ఒకే జిమ్‌కు ఏళ్ల తరబడి వెళ్లేవారికి దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు.

రీయింబర్స్‌మెంట్: డబ్బు ఎక్కువ, షరతులు ఇంకా ఎక్కువ

డబ్బు పరంగా చూస్తే ఉద్యోగస్థులకు అన్నిటికన్నా లాభదాయకమైనది ఇదే, కానీ చేతికి రాకుండా పోయేదీ ఇదే. ఇందులో రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిది ఖర్చును బట్టి ఇచ్చేది. మసాచుసెట్స్ బ్లూ క్రాస్ పథకాలలో చాలావాటికి ఏడాదికి 150 డాలర్ల వరకు ఫిట్‌నెస్ ఖర్చు తిరిగి ఇచ్చే సదుపాయం ఉంది. రశీదు చూపితే చాలు. 229 డాలర్ల జిమ్‌కు వెళ్లేవారికి అసలు ఖర్చు 79 డాలర్లకు దిగుతుంది. టోకు నెట్‌వర్క్ దీని దరిదాపుల్లోకి కూడా రాదు. ఈ పరిమితి మనిషికా, కుటుంబం మొత్తానికా అన్నది చూసుకోవాలి. భార్యాభర్తలిద్దరూ చెరో జిమ్‌లో చేరి, తీరా అడిగాక ఒక్కరికే వస్తుందని తెలిస్తే లెక్క తారుమారవుతుంది.

రెండోది హాజరును బట్టి ఇచ్చేది. న్యూయార్క్, న్యూజెర్సీ ప్రాంతాలలోని కొన్ని పథకాలలో ఆరు నెలల్లో 50 సార్లు జిమ్‌కు వెళితే ఉద్యోగికి 200 డాలర్ల వరకు, భార్యకు లేదా భర్తకు కొంత తక్కువ మొత్తం తిరిగి వస్తుంది. ఏడాదికి 400 డాలర్లు చిన్న మొత్తం కాదు. ఆరు నెలలంటే 26 వారాలు, వారానికి రెండుసార్లు వెళితే 52 అవుతుంది, సులువుగానే కనిపిస్తుంది. కానీ డిసెంబరులో టికెట్లు కొని, సంక్రాంతి చూసుకుని వచ్చేలా అయిదు వారాలు ఇండియాకు వెళ్లే కుటుంబానికి మిగిలేవి 21 వారాలే. అప్పుడు ఇంచుమించు ప్రతి మూడు రోజులకు ఒకసారి తప్పనిసరిగా వెళ్లాలి. మధ్యలో పిల్లలకు జ్వరం వచ్చినా, ఆఫీసులో రిలీజ్ ఉన్నా 48 దగ్గర ఆగిపోతుంది. 48కి సగం డబ్బు ఇచ్చే పద్ధతి సాధారణంగా ఉండదు. ఇండియా ప్రయాణం ఏ ఆరు నెలల్లో పడుతుందో చూసుకుని, వీలైతే ఆ గడువు మొదలయ్యే తేదీని దానికి తగ్గట్టు ఎంచుకోవడం మంచిది; కొన్ని పథకాలలో ఆ తేదీ మీరు చేరిన రోజు నుంచి లెక్కిస్తారు, కొన్నింటిలో జనవరి, జూలై నెలల నుంచి.

హాజరు లెక్క ఎలా కడతారన్నది కూడా పట్టించుకోవలసిన విషయమే. గుమ్మం దగ్గర తాళంచెవులకు వేలాడే చిన్న ట్యాగును గాని, ఫోనులోని బార్‌కోడ్‌ను గాని స్కానర్ ముందు పెట్టినప్పుడు పడే 'బీప్' ఒక్కటే సాక్ష్యం. ముందు వెళ్లినవారు మర్యాదకు తలుపు పట్టుకుంటే వెనకాల లోపలికి వెళ్లిపోవడం మనవారికి మామూలే, ఇద్దరు స్నేహితులు కలిసి వెళ్లినప్పుడు మరీను. ఆ రోజు గంటన్నర చెమటోడ్చినా లెక్కలో హాజరు పడదు. ఉదయం, సాయంత్రం రెండుసార్లు వెళ్లినా చాలా పథకాలు ఒక్కటిగానే లెక్కిస్తాయి. నెలకొకసారి జిమ్ యాప్‌లో హాజరు చిట్టా డౌన్‌లోడ్ చేసి దాచుకుంటే, ఆరు నెలల తర్వాత రిసెప్షన్ దగ్గర నిలబడి ముద్రిత ప్రతి కోసం బతిమాలే పని ఉండదు. క్లెయిము గడువు కూడా చిన్నదే; సంవత్సరం ముగిశాక తొలి నెలల్లోనే చాలావాటికి తలుపులు మూసుకుంటాయి.

ఇంకో షరతు ఎవరూ ముందుగా చదవరు. జిమ్ అంటే గుండె వ్యాయామానికి, కండరాల వ్యాయామానికి యంత్రాలు రెండూ ఉన్న చోటు అని చాలా పథకాలు నిర్వచిస్తాయి. అద్దెలో కలిసివచ్చే అపార్ట్‌మెంట్ జిమ్, వారాంతపు క్రికెట్ లీగ్ రుసుము, బ్యాడ్మింటన్ కోర్టు సభ్యత్వం, పిల్లల కూచిపూడి తరగతి ఇందులోకి సాధారణంగా రావు. బ్యాడ్మింటన్ మన పేటల్లో ఎంత మంచి వ్యాయామమో చెప్పనక్కరలేదు, కానీ బీమా సంస్థ దృష్టిలో అది క్రీడా సంఘం. యోగా స్టూడియో ఒక పథకంలో చెల్లుతుంది, మరొకదానిలో చెల్లదు. డబ్బు కట్టేముందే పోర్టల్‌లో సందేశం పంపి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోవాలి. ఫోనులో 'చెల్లుతుంది' అన్న మాటకు రేపు విలువ ఉండదు.

పన్ను సంగతి కూడా కలపాలి. కంపెనీ నగదుగా ఇచ్చే జిమ్ డబ్బు జీతం కిందే లెక్కకు వస్తుంది. 22 శాతం ఆదాయపు పన్ను శ్రేణిలో ఉన్నవారికి, 7.65 శాతం సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు కూడా పోయాక, 150 డాలర్లలో చేతికి వచ్చేది దాదాపు 105 మాత్రమే. రాష్ట్ర పన్ను ఉన్నచోట ఇంకొంచెం తగ్గుతుంది. అయినా చవక జిమ్‌కు వెళ్లేవారికి ఇదే మేలు.

నడక అడుగులకు, నిద్రకు, ఆరోగ్య పరీక్షలకు పాయింట్లు ఇచ్చే యాప్‌ల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. రోజూ ఎలాగూ నడిచేవారికి, చేతి గడియారం లెక్కలు బీమా సంస్థకు చేరడం అభ్యంతరం కానివారికి అది అదనపు ఆదాయం. జిమ్‌కు ప్రత్యామ్నాయంగా మాత్రం లెక్కించకూడదు.

హెచ్‌ఎస్‌ఏ డబ్బుతో జిమ్ ఫీజు కట్టవచ్చా?

హెచ్‌ఎస్‌ఏ అంటే వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా డబ్బు దాచుకునే ఖాతా. సాధారణ ఆరోగ్యం కోసం వెళ్లే జిమ్‌కు దానిలోంచి కట్టకూడదు. 2023 మార్చిలో అమెరికా ఆదాయపు పన్ను శాఖ ఐఆర్‌ఎస్ ఇచ్చిన వివరణ ప్రకారం, వైద్యుడు నిర్ధారించిన ఒక నిర్దిష్ట వ్యాధికి చికిత్సగానో, గాయం మానడానికి రాసిచ్చిన ఫిజికల్ థెరపీ ప్రణాళికలో భాగంగానో అయితే తప్ప జిమ్ సభ్యత్వం వైద్య ఖర్చు కాదు. ఆన్‌లైన్‌లో నాలుగు ప్రశ్నలకు జవాబిస్తే 'డాక్టరు లేఖ' ఇచ్చే కంపెనీల ప్రకటనలు చూసి మోసపోవద్దని అదే శాఖ 2024 మార్చిలో హెచ్చరించింది. 65 ఏళ్లలోపు వారు వైద్యేతర ఖర్చుకు హెచ్‌ఎస్‌ఏ డబ్బు వాడితే ఆదాయపు పన్నుతోపాటు 20 శాతం జరిమానా కూడా పడుతుంది. మధుమేహం, అధిక రక్తపోటు నిజంగా ఉన్నవారు తమ సొంత వైద్యుడితో మాట్లాడి, పన్ను సలహాదారును కూడా అడిగాకే ఈ దారిలో వెళ్లాలి.

అమ్మానాన్నల కోసం: 'ఉచితం' అన్న మాట వెనక

65 దాటిన తల్లిదండ్రుల విషయంలో తరచుగా వినిపించే పేరు సిల్వర్‌స్నీకర్స్. 1992లో మొదలైన ఈ కార్యక్రమం కింద దేశమంతటా వేలాది జిమ్‌లలో పెద్దవారికి విడిగా రుసుము లేకుండా ప్రవేశం, కుర్చీ వ్యాయామాలు, నీటిలో వ్యాయామాలు దొరుకుతాయి. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మకు వేడినీటి కొలనులో చేసే వ్యాయామం ఎంత మేలో చెప్పనక్కరలేదు. అయితే ఇది మెడికేర్, అంటే ముఖ్యంగా 65 దాటినవారికి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా, ఇచ్చే ప్రయోజనం కాదు. ఒరిజినల్ మెడికేర్ జిమ్ ఖర్చు భరించదు. ప్రైవేటు సంస్థలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ పథకాలలో చాలావాటిలో, ఒరిజినల్ మెడికేర్ భరించని ఖర్చులకు అదనంగా కొనుక్కునే కొన్ని మెడిగ్యాప్ పథకాలలో ఇది లేదా ఇటువంటిది మరొకటి ఉంటుంది.

మెడికేర్ అడ్వాంటేజ్‌లో చేరాలంటే మెడికేర్ పార్ట్ ఎ (ఆసుపత్రి ఖర్చులకు), పార్ట్ బి (డాక్టర్ల ఖర్చులకు) రెండూ ఉండాలి. గ్రీన్ కార్డు మీద వచ్చిన తల్లిదండ్రులు ఇక్కడ పని చేసి ఉండకపోతే, వరుసగా అయిదేళ్లు నివసించాక ఆ రెండింటినీ ప్రీమియం కట్టి కొనుక్కోవచ్చు. 2026లో పార్ట్ ఎ పూర్తి ప్రీమియం నెలకు 565 డాలర్లు, పార్ట్ బి సాధారణ ప్రీమియం 202.90 డాలర్లు, ఒక్కరికి నెలకు 767.90, ఏడాదికి 9,200 దాటుతుంది. తల్లిదండ్రులలో ఒకరికి ఇక్కడ 40 త్రైమాసికాల (అంటే పదేళ్ల) పని ఉంటే ఇద్దరికీ పార్ట్ ఎ ఉచితమవుతుంది. 30 నుంచి 39 ఉంటే ప్రీమియం 311 డాలర్లకు తగ్గుతుంది. పిల్లలు ఎన్నేళ్లు పనిచేసినా అది తల్లిదండ్రుల ఖాతాలోకి రాదు. ఇండియాకు, అమెరికాకు మధ్య సోషల్ సెక్యూరిటీ ఒప్పందం లేదు కాబట్టి అక్కడ చేసిన సర్వీసూ కలవదు. అంత కట్టి తీసుకున్న బీమాలో జిమ్ వస్తే వాడుకోవలసిందే, కానీ జిమ్ ఉందని పథకం ఎంచుకుంటే మాత్రం పొరపాటే. ముందు డాక్టర్లు, మందులు, ఆసుపత్రి నెట్‌వర్క్. అవి సమానంగా ఉన్న రెండు పథకాల మధ్య మాత్రమే జిమ్‌ను తేడాగా చూడాలి.

ఇంకో సంగతి ఏజెంట్లు అరుదుగా చెబుతారు. పథకం సేవా ప్రాంతానికి వెలుపల ఆరు నెలలకు మించి ఉంటే మెడికేర్ అడ్వాంటేజ్ సభ్యత్వం సాధారణంగా రద్దవుతుంది. ఏడాదిలో సగానికి పైగా విజయవాడలోనో, కరీంనగర్‌లోనో గడిపి రావాలనుకునే పెద్దలు ప్రయాణానికి ముందే ఆ నిబంధన చూసుకోవాలి.

జిమ్ ప్రయోజనం ఏటికేడు మారుతుందని గుర్తుంచుకోవాలి. యునైటెడ్ హెల్త్‌కేర్ 2019లో లక్షలాది మంది వృద్ధ సభ్యులకు సిల్వర్‌స్నీకర్స్ తీసేసి, తన సొంత రెన్యూ యాక్టివ్ పెట్టింది. పేరు మారితే జిమ్‌ల జాబితా మారుతుంది, అలవాటైన జిమ్ దానిలో లేకపోవచ్చు. సెప్టెంబరు నెలాఖరులోగా వచ్చే వార్షిక మార్పుల నోటీసు చదివి, అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 వరకు ఉండే ఎన్‌రోల్‌మెంట్ సమయంలో మార్చుకోవాలి. మెడికేర్ అడ్వాంటేజ్‌లో ఇప్పటికే ఉన్నవారికి జనవరి 1 నుంచి మార్చి 31 వరకు మరో అవకాశం ఉంటుంది.

విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వచ్చే తల్లిదండ్రుల బీమాలో జిమ్ ఏమీ రాదు. వారికి నగరపాలక సంస్థ నడిపే రిక్రియేషన్ సెంటర్‌లో రోజువారీ ప్రవేశ రుసుమే చవక. యూనివర్సిటీలో చదువుతున్న పిల్లలు ఫీజులోనే రిక్రియేషన్ సెంటర్ డబ్బు కట్టేస్తున్నారు, బయట జిమ్‌లో చేరేముందు ఆ బిల్లు చూసుకుంటే చాలు.

సంతకం పెట్టేముందు

రీయింబర్స్‌మెంట్ ఉంటే చవక జిమ్‌తో కలిపి వాడుకోవడం, లేకపోతే ఖరీదైన జిమ్‌కు వెళ్లేవారు మాత్రమే టోకు నెట్‌వర్క్ వైపు చూడటం మంచిదని పై లెక్కలు చెబుతున్నాయి. ఏ దారైనా, జిమ్‌తో ఏడాది ఒప్పందం మీద సంతకం పెడితే బీమా పోయినా ఆ బాకీ మీదే. న్యూజెర్సీలో ఒప్పందం ప్రతి చేతికందాక, జిమ్ తెరిచి ఉండే మూడు రోజుల్లోపు రాతపూర్వకంగా రద్దు చేసుకునే హక్కు ఉంది. జిమ్‌కు 25 మైళ్లకు మించిన దూరానికి ఇల్లు మారితే కూడా చట్టం రద్దుకు వీలిస్తుంది. టెక్సాస్‌లోనూ మొదటి మూడు పనిదినాల హక్కు ఉంది. హాజరుపై ఆధారపడే పథకం ఉన్నవారు మొదటి ఆరు నెలలు నెలవారీ సభ్యత్వంతోనే గడిపి, యాభై హాజర్లు నిజంగా పడుతున్నాయో లేదో చూసుకున్నాక ఏడాది ఒప్పందం సంగతి ఆలోచించవచ్చు. జనవరిలో జిమ్‌లు ప్రకటించే చేరిక రుసుము మాఫీ మళ్లీ వేసవిలోనూ వస్తుంది, కంగారు పడనవసరం లేదు.